పాత ట్రాక్టరు ఊపందుకొనకుండుట: కారణము కనుగొను క్రమము

కాడి కట్టిన యెద్దు అదలించినను అడుగు వేయకున్నచో తెలివిగల రైతు దానిని వెంటనే కొట్టడు. గిట్టలో ముల్లు విరిగినదేమో, కాడి ఒరసి మెడ పుండుపడినదేమో, నిన్న మేత సరిగా తిన్నదో లేదో విచారించును. ఇవన్నియు చూచిన పిమ్మటనే పశువైద్యునికి కబురు పంపును. ఇది తరతరములుగా మన రైతులకు అలవడిన వివేకము. అయితే అదే రైతు, తన ట్రాక్టరు ఎక్సిలరేటరు త్రొక్కినను ఊపందుకొనక మూల్గుచున్నప్పుడు ఈ వివేకమును మరచుచున్నాడు. "పంపు పోయినది", "ఇంజను దిగిపోయినది" అని ఎవరైన అన్నంతనే బెదరి, కారణము తెలియకయే వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నాడు.

ఈ నష్టము రూపాయలతో తీరునది కాదు. కాలువ నీరు వంతుకు వచ్చిన నాలుగు దినములలో దమ్ము పూర్తి కాకున్నచో నారు ముదురును. మెట్ట పొలములలో వాన కురిసిన తరువాత పదును ఆరిపోవును. ట్రాక్టరు పట్టణములో మరమ్మతు సాలలో పడియుండగా పదును మన కొరకు నిలువదు. కావున యంత్రము మందగించినప్పుడు ఏమి చూడవలెను, ఏది ముందు చూడవలెను, ఎక్కడ మన చేయి నిలిపి మేస్త్రీని పిలువవలెను అను సంగతులు ప్రతి సభ్యుడును ఎరిగియుండుట అవసరము. ఆ క్రమమునే ఇచ్చట వివరింపబూనితిమి.

మన దేశమున ట్రాక్టరుల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషరు ట్రాక్టరుతో మొదలయినది. నాటినుండి దేశములో తయారైన ట్రాక్టరులలో ఇరువది, ముప్పది యేండ్లు నిండినవి అనేకములు చేతులు మారి చిన్న రైతులకడ నేటికిని పని చేయుచున్నవి. ఈ వ్యాసము అట్టి పాత డీజిలు ట్రాక్టరులను గూర్చినది మాత్రమే. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టరులకు పొగను గూర్చిన కఠిన నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అట్టి బండ్లలో డీజిలును కంప్యూటరు నడుపు విధానము వాడుకలోనికి వచ్చినది. వాని జోలికి రైతు తన పానాతో పోరాదు.

యంత్రము పని చేయు విధము

ఎక్సిలరేటరు త్రొక్కినచో ఏమి జరుగునో తెలిసిన గాని ఏమి జరుగుట లేదో తెలియదు. పెట్రోలు బండిలో ఎక్సిలరేటరు గాలి ద్వారమును తెరచును. సాధారణముగా డీజిలు ఇంజనులో అట్టి ద్వారము లేదు. గాలి ఎల్లప్పుడును అడ్డులేక లోపలికి పోవుచుండును. మనము త్రొక్కు పెడలు గాని, చేతితో జరుపు లివరు గాని, కడ్డీల ద్వారా డీజిలు పంపు మీది చిన్న లివరును జరుపును. ఆ లివరు గవర్నరు అను భాగమునకు "ఇంత వేగము కావలెను" అని ఆజ్ఞ ఇచ్చును. గవర్నరు ఆ వేగము వచ్చువరకు పంపు నుండి ఎక్కువ డీజిలు పంపించును. పంపు ఆ డీజిలును మిక్కిలి ఒత్తిడితో నాజిళ్లకు నెట్టగా, అది మంచు వలె చిమ్మబడి, సిలిండరులో నొక్కబడి వేడెక్కిన గాలిలో మండును.

దీనిని బట్టి ఇంజను వెంటనే అందుకొనవలెనన్న నాలుగు సంగతులు కుదురవలెను. ఆజ్ఞ పంపు వరకు చేరవలెను. డీజిలు చాలినంత రావలెను. గాలి చాలినంత రావలెను. వచ్చిన డీజిలు సకాలములో, మంచి ఒత్తిడిలో మండవలెను. మందగించిన ఇంజనులో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కొరవడియుండును. ఈ నాలుగును బాగుగనున్నను బండి కదలకున్నచో దోషము ఇంజనులో లేదు, దాని వెనుకనున్నది.

మొదట అడుగవలసిన ప్రశ్నలు

పానా చేతపట్టుటకు ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను. ఈ జబ్బు ఒక్కనాడు హఠాత్తుగా వచ్చినదా, లేక నెలల తరబడి కొంచెము కొంచెముగా ముదిరినదా? హఠాత్తుగా వచ్చినచో కడ్డీ ఊడుట, డీజిలులో నీరు, గొట్టమునకు అడ్డు వంటి కారణములు తోచవలెను. మెల్లగా వచ్చినచో ఫిల్టరు పూడుట, నాజిళ్లు అరుగుట, రింగులు అరుగుట వంటివి తోచవలెను. ఇటీవల ఎవరైన ఏ భాగమునైన విప్పి బిగించిరా? విప్పియున్నచో మొదటి అనుమానము ఆ భాగము మీదనే ఉండవలెను. క్రొత్త చోట డీజిలు పోయించితిరా? బండి చాలకాలము కదలక నిలిచియున్నదా?

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. బరువు లేనప్పుడును మందముగ నున్నదా, బరువు పడినప్పుడు మాత్రమే మందగించుచున్నదా? ఇంజనును పది నిమిషములు నడిపి వేడెక్కనిచ్చి, గేరు న్యూట్రలులో నుంచి, చేతి లివరును తిన్నగా పైవరకు జరుపవలెను. ఆరోగ్యముగల ఇంజను వెంటనే గొంతు పెంచి పూర్తి వేగమునకు వచ్చి స్థిరముగ నిలుచును. బరువు లేకయే బద్ధకముగ లేచినచో కడ్డీలు, డీజిలు, గవర్నరు అను మూడింటిని ముందు చూడవలెను. ఉత్తగా చురుకుగ లేచి, నాగలి గాని రోటవేటరు గాని దించినంతనే క్రుంగినచో పొగ గొట్టము వైపు చూడవలెను.

పొగ చెప్పు సాక్ష్యము

పొగ అబద్ధమాడని సాక్షి. బరువు మీద ఇంజను క్రుంగుచు నల్లని పొగ దట్టముగ వదలుచున్నచో, వచ్చిన డీజిలు పూర్తిగా మండుట లేదని అర్థము. గాలి చాలకుండుట, నాజిలు సరిగా చిమ్మక చుక్కలుగ కార్చుట, లేదా బండి మోయగలిగిన దానికి మించిన బరువు, ఇవి ముఖ్య కారణములు. ఇంజను క్రుంగుచున్నను పొగ యేమియు లేకున్నచో డీజిలే చాలుట లేదు. మేము రైతులకు చెప్పు సూత్రమిది: పొగ ఉన్నచో గాలి వైపు చూడుడు, పొగ లేనిచో డీజిలు వైపు చూడుడు.

తెల్లని పొగ విడువక వచ్చుచున్నచో డీజిలు మండకయే ఆవిరిగా పోవుచున్నదనియో, డీజిలులో నీరు కలిసినదనియో, సిలిండరులో ఒత్తిడి తగ్గినదనియో గ్రహింపవలెను. చలికాలపు ఉదయమున ఇంజను చల్లగ నున్నప్పుడు కొంచెము తెల్లపొగ కనబడి పోవుట దోషము కాదు. నీలి పొగ ఇంజను నూనె మండుటకు గుర్తు. అది రింగులు, లైనర్లు లేదా వాల్వు గైడులు అరిగిన లక్షణము. పాత ఇంజనులో లివరు హఠాత్తుగా జరిపినప్పుడు ఒక్కసారి నల్లని పొగ ఉబికి ఆగిపోవుట సహజము; దానికి బెదరనక్కరలేదు.

మొదటి పరీక్ష: ఆజ్ఞ చేరుచున్నదా?

ఈ పరీక్షకు ఒక్క కాసు ఖర్చు లేదు. అయినను దీనినే అందరును మరచుచున్నారు. ఇంజను ఆపి, ఒకరు పెడలును పూర్తిగా త్రొక్కవలెను. మరియొకరు పంపు మీది లివరును కనిపెట్టియుండవలెను. పెడలు అడుగంటినప్పుడు పంపు లివరు తన చివరి మరకు తాకవలెను. తాకకున్నచో పెడలు ఎంత త్రొక్కినను పూర్తి ఆజ్ఞ పోవుట లేదు. ఇరుసు పిన్నులు అరిగి వదులగుట, కడ్డీ వంగుట, గుండు కీళ్లు అరుగుట, పెడలు క్రింద మట్టి పేరుకొని గట్టిపడుట, ఇవి సాధారణ కారణములు. చేతి లివరు బండి అదురునకు దానంతట అదే క్రిందికి జారుచున్నచో దాని బిగింపు బిళ్లలు అరిగినవని తెలియును. వాడిన చోట్ల ఒక చుక్క నూనె వేయవలెను. అరిగిన పిన్నులు మార్పవలెను.

దీనితోపాటు ఇంజను ఆపు తీగను కూడ తప్పక చూడవలెను. ఇంజనును ఆపుటకు లాగు పిడి తిరిగి పూర్తిగా లోపలికి పోకున్నచో పంపులో డీజిలు దారి సగము మూయబడియే యుండును. ఇంజను నడచును గాని బలము రాదు. మా పరిధిలోని ఒక గ్రామమున దమ్ము నడుమ ఒక సభ్యుని ట్రాక్టరు ఈ విధముగనే మందగించినది. దగ్గరి పట్టణమున ఒక మరమ్మతుదారు పంపును, నాజిళ్లను విప్పవలెనని చెప్పి, ఖర్చు అంచనా కూడ ఇచ్చెను. సభ్యుడు అప్పు కొరకు సంఘమునకు అర్జీ పెట్టుకొనెను. కార్యదర్శి కోరికపై మేము వెళ్లి చూడగా, ఆపు తీగ తొడుగులో తుప్పు పట్టి వ్రేలెడు దూరము వెనుకకు రాక నిలిచినది. తీగకు నూనె పట్టించి పది సార్లు లాగి వదలగా ఇంజను పూర్వపు గొంతు పొందినది. ఆ మధ్యాహ్నమే దమ్ము సాగినది. అర్జీని ఆ సభ్యుడే వెనుకకు తీసికొనెను. మరమ్మతుదారుని నిందించుటకు కాక, చౌక పరీక్షలు ముందు చేయవలెనని చూపుటకే దీనిని చెప్పితిమి.

రెండవ పరీక్ష: గాలి

ఒక్క లీటరు డీజిలు పూర్తిగా మండుటకు తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావలెను. ఈ గాలి యంతయు ఎయిర్ క్లీనరు ద్వారానే పోవలెను. ఎండిన నేలలో రోటవేటరు నడుపునప్పుడును, నూర్పిడి కళ్లములోను దుమ్ము ఎంత లేచునో రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. క్లీనరు పూడినచో ఇంజను ముక్కు మూసినట్లగును. ఆజ్ఞయు డీజిలును ఉన్నను ఊపిరి ఉండదు. నల్లని పొగ వచ్చును.

పాత బండ్లలో పెక్కింటికి నూనె గిన్నె గల క్లీనరు ఉండును. గిన్నెను విప్పి, అడుగున బురద పేరుకొన్నదేమో చూడవలెను. పాత నూనె పారబోసి, గిన్నెను, పైనున్న తీగ జాలిని డీజిలులో కడిగి ఆరనిచ్చి, గుర్తు వరకు ఇంజను నూనె పోయవలెను. గుర్తునకు తక్కువైనచో దుమ్ము లోనికి పోవును. ఎక్కువైనచో గాలికి అడ్డమగుటయే గాక ఇంజను ఆ నూనెను పీల్చుకొని అదుపు తప్పి పరుగెత్తు ప్రమాదము కలదు. దుమ్ము పనిలో దీనిని ప్రతిదినము చూడవలెను. కాగితపు ఫిల్టరు గల బండ్లలో దానిని మెల్లగా తట్టి దుమ్ము రాల్చవచ్చును గాని నూనెతో తడుపరాదు. చిరిగినచో, మిక్కిలి నల్లబడినచో మార్పవలెను.

క్లీనరు పూడినదని అనుమానమైనచో, దుమ్ములేని గట్టి వాకిట బండి నిలిపి, ఇంజను ఆపి క్లీనరు గొట్టమును విడదీసి, ఒక్క నిమిషము నడిపి చూడవచ్చును. ఇంజను వెంటనే అందుకొన్నచో దొంగ దొరికినట్లే. చేయి గాని, తుండుగుడ్డ గాని ఆ గొట్టము మూతి దగ్గరకు చేర్చరాదు. క్లీనరు లేక పొలములో ఒక్క చాలు కూడ దున్నరాదు. లోనికి పోయిన దుమ్ము సానరాయి వలె లైనర్లను, రింగులను అరగదీయును. క్లీనరు నుండి ఇంజను వరకు గల రబ్బరు గొట్టము నెరియ విచ్చినచో కూడ ఇదే కీడు జరుగును.

గాలి లోపలికి పోవుట ఎట్లో బయటికి పోవుటయు అట్లే. చాలకాలము నిలిచిన బండి పొగ గొట్టములో పురుగులు మట్టిగూళ్లు పెట్టుట కలదు. పొగ గొట్టము దెబ్బ తగిలి నొక్కుకొనిపోయినను, మసి పేరుకొనినను ఇంజను ఉక్కిరిబిక్కిరి యగును.

మూడవ పరీక్ష: డీజిలు

డీజిలు టాంకు నుండి బయలుదేరి, నీటి గిన్నె, ఫీడు పంపు, ఫిల్టరులు దాటి పెద్ద పంపునకు చేరును. ఈ దారిని మొదటినుండి చివరివరకు వరుసగ చూడవలెను. నడుమ నుండి మొదలిడరాదు.

టాంకు మూతకు సన్నని రంధ్ర ముండును. డీజిలు ఖర్చగు కొలది గాలి ఆ రంధ్రము గుండా లోనికి రావలెను. అది మట్టితో పూడినచో టాంకులో శూన్య మేర్పడి డీజిలు దిగదు. దీని లక్షణ మేమన, ఇంజను అరగంట చక్కగ నడచి పిమ్మట క్రుంగును. కొంతసేపు ఆపి మరల మొదలిడినచో మరల బాగుగ నడచును. అప్పుడు మూతను వదులు చేసి చూడవలెను. వెంటనే అందుకొన్నచో మూతను కడిగి రంధ్రమును సన్నని తీగతో విప్పినచో చాలును.

తరువాత నీటి గిన్నె. అడుగున నీరు ముత్యముల వలె మెరయుచుండును; దానిని తీసివేయవలెను. ఫీడు పంపు లోపలనో దాని మూతి యొద్దనో సన్నని జాలి యుండును. పెక్కుమంది ఫిల్టరులు మార్పింతురు గాని ఈ జాలిని మరతురు. టాంకు అడుగు చెత్త యంతయు అందే చిక్కుకొనును. ఆ పిమ్మట ఫిల్టరులు. వానిని బండి పుస్తకములో చెప్పిన గంటలకు మార్పవలెను. కడిగి మరల వాడుట ఆదా కాదు. పంపు లోపలి పిస్టనునకును దాని గొట్టమునకును నడుమ ఎడము వెంట్రుక మందములో సుమారు ఇరువదవ వంతు మాత్రమే. కడిగిన ఫిల్టరు నుండి జారిన ఒక్క రేణువు చాలును, దానిని గీకుటకు.

డీజిలు దారిలో గాలి దూరుట మరియొక వ్యాధి. దీనిని మన రైతులు "ఎయిరు పట్టినది" అందురు. ఇంజను ఒకసారి లేచుచు, ఒకసారి పడుచు, ఊగులాడుచు నడచును. ఫీడు పంపు ముందరి గొట్టములో డీజిలు పీల్చబడుచుండుటచే, అచ్చటి వదులు బిగింపు గుండా డీజిలు బయటకు కారకపోవచ్చును. గాలి మాత్రము లోపలికి పోవును. కావున కారుట లేదు గదా యని ఆ భాగమును విడిచిపెట్టరాదు. బిగింపులన్నియు చూచి, పగిలిన వాషర్లు మార్చి, పిమ్మట ఎయిరు తీయవలెను. ముందు ఫిల్టరు మీది మరను వదులు చేసి, చేతి ప్రైమరు కొట్టుచు, బుడగలు లేని డీజిలు ధార వచ్చువరకు ఉంచి, ధార వచ్చుచుండగనే బిగింపవలెను. తరువాత పంపు మీది మరను అట్లే చేయవలెను. ఎంత కొట్టినను ధార బలహీనముగనే యున్నచో టాంకు నుండి ఫీడు పంపు వరకు అడ్డు కలదు, లేదా ఫీడు పంపే అలసినది.

నాలుగవ పరీక్ష: మేస్త్రీ చేతికి అప్పగింపవలసినవి

పై మూడు పరీక్షలు తీరిన పిమ్మటనే లోపలి భాగముల మాట ఎత్తవలెను. ఇక మీద పని నేర్చిన మేస్త్రీ చేతనే జరుగవలెను; అయినను రైతు దగ్గర నిలిచి అడిగి తెలిసికొనవలెను.

నాజిలు చుక్కలుగ కార్చుచున్నచో నల్లపొగ, ఇంజను కొట్టుకొను చప్పుడు, ఒక సిలిండరు మందగించుట కనబడును. నాజిళ్లను విప్పి చేతి పరీక్షాయంత్రముపై ఒత్తిడిని, చిమ్ము విధమును చూడవలెను. చూడక క్రొత్తవి వేయుట గ్రుడ్డి వైద్యము. ఒక నాజిలు చెడినంత మాత్రమున అన్నియు మార్పవలసిన అగత్యము లేదు.

వాల్వుల ఎడము తప్పినచో సిలిండరు గాలిని పూర్తిగ పట్టుకొనదు. ఈ ఎడమును బండి పుస్తకములో చెప్పిన కొలతకు ఫీలరు గేజితో సరిచేయుట కొద్ది గంటల పని, ఖర్చు స్వల్పము. రింగులు అరిగినచో ఉదయము ఇంజను కష్టముగ మొదలగును, నీలిపొగ వచ్చును, నూనె పోయు మూత తీసినచో లోపలి నుండి ఆవిరి గుప్పుగుప్పున కొట్టును. ఈ మూడు లక్షణములును కలిసియున్నప్పుడే ఇంజను విప్పు మాట నమ్మదగినది. వీనిలో ఒకటియు లేకయే "ఇంజను దిగిపోయినది" అను వారిని "ఏ పరీక్ష వలన తెలిసినది?" అని మర్యాదగ అడుగవలెను.

పంపు టైమింగు దానంతట అది హఠాత్తుగ తప్పుట అరుదు. పంపును దించి మరల ఎక్కించిన పిమ్మట బండి మందగించినచో మాత్రము దానినే మొదట అనుమానింపవలెను. ఇక పంపు, గవర్నరులను పరీక్షా బల్లపై నెక్కించి కొలిచిన గాని వాని గుణదోషములు తెలియవు. పంపునకు వేసిన సీలును పొలము గట్టున తెంపనీయరాదు. కొందరు ఈ సీలు తెంపి మర త్రిప్పి "బలము పెంచితిమి" అందురు. నిజమునకు డీజిలు పెరుగును గాని గాలి పెరుగదు. మండని డీజిలు నల్లపొగగ పోవును, పిస్టన్లు మితిమీరి వేడెక్కి చెడును. కొన్ని దినముల చురుకునకై యేండ్ల ఆయుష్షును అమ్ముకొనుట యగును.

ఇంజనుది కాని దోషము

ఇంజను గొంతు పెంచుచున్నను చక్రములు తదనుగుణముగ తిరుగకున్నచో క్లచ్చి జారుచున్నదని తెలిసికొనవలెను. కాలిన వాసన దీనికి తోడుపడును. క్లచ్చి పెడలుకు పుస్తకములో చెప్పినంత వదులు ఉండవలెను. పెడలు మీద ఎల్లప్పుడును కాలు మోపియుంచు అలవాటు దీనికి ముఖ్య కారణము. బ్రేకులు పట్టుకొనియున్నచో బండిని న్యూట్రలులో త్రోసి చూడగ తెలియును. డ్రమ్ములు తాకరానంత వేడిగ నుండును. నాగలి మిక్కిలి లోతుగ దిగుట, కర్రులు మొద్దుబారుట, దమ్ములో చక్రములకు బురద చుట్టుకొనుట, వీనికి ఇంజనును నిందించుట న్యాయము కాదు.

పెట్రోలు బండ్లను గూర్చి

పాత జీపులు, మోపెడులు గల సభ్యులు కూడ ఇట్టి ఫిర్యాదే చేయుచున్నారు. కార్బురేటరు గల బండిలో ఎక్సిలరేటరు హఠాత్తుగ త్రొక్కినప్పుడు గాలి తేలిక గనుక వెంటనే పరుగెత్తును. పెట్రోలు బరువు గనుక వెనుకబడును. ఈ లోటు తీర్చుటకు జీపు వంటి బండ్ల కార్బురేటరులో ఒక చిన్న పంపు ఉండి, అదనముగ పెట్రోలు చిమ్మును. దాని తోలు లేక రబ్బరు బిళ్ల ఎండినచో త్రొక్కిన క్షణమున ఇంజను తడబడి, పిమ్మట అందుకొనును. ఇంజను ఆపి, క్లీనరు తీసి, కార్బురేటరు మూతిలోనికి చూచుచు లివరును జరిపినచో సన్నని పెట్రోలు ధార కనబడవలెను. ఇది చూచునప్పుడు చుట్ట, బీడీ, దీపము దగ్గర నుండరాదు. చోకు పూర్తిగ తెరచుకొనుట, స్పార్కు ప్లగ్గు శుభ్రత కూడ చూడవలెను. 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. పాత బండ్ల రబ్బరు భాగములు దీని కొరకు చేయబడినవి కావు; కావున గొట్టములు, బిళ్లలు మెత్తబడినవేమో తరచుగ చూచుచుండవలెను.

ప్రాణభయము గల చోట్లు

డీజిలు నాజిళ్లకు వాతావరణపు ఒత్తిడికి సుమారు రెండువందల రెట్ల ఒత్తిడితో పోవును. సన్నని బెజ్జము నుండి చిమ్మిన డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోగలదు. పైకి సూది గ్రుచ్చినంత గుర్తే యుండును, నొప్పియు మొదట స్వల్పమే. కాని లోపల కండ చెడి చేయి పోవు ప్రమాదము కలదు. ఇట్లు జరిగినచో నొప్పి కొరకు కనిపెట్టక తత్‌క్షణమే పెద్ద ఆసుపత్రికి పోవలెను, డీజిలు చిమ్మినదని వైద్యునికి చెప్పవలెను. కారుచున్న చోటును వ్రేలితో గాక అట్టముక్కతో వెదకవలెను.

పరీక్షలు చేయునప్పుడు బండిని సమతలమున నిలిపి, బ్రేకు బిగించి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. పొగలోని విషవాయువు కంటికి కనబడక ప్రాణము తీయును. తిరుగుచున్న పి.టి.ఓ. షాఫ్టు దగ్గరకు పంచె కొంగు, చీర చెరగు, తలగుడ్డ చేరనీయరాదు. పిల్లలను దూరముగ నుంచవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు విడిగ చేయలేని దానిని పదిమంది కలిసి చేయుటకే గదా సహకార సంఘము. ఫీలరు గేజి, మంచి పానాల పెట్టె, నాజిలు పరీక్షించు చేతియంత్రము సంఘము కొని కార్యాలయమున నుంచినచో సభ్యులందరికిని అక్కరకు వచ్చును. ప్రతి ట్రాక్టరునకు ఒక చిన్న పుస్తకము పెట్టి, నడచిన గంటలు, మార్చిన ఫిల్టరులు, పోసిన నూనె వ్రాయుచుండవలెను. పెద్ద మరమ్మతునకు అప్పు అడుగు సభ్యుడు పైన చెప్పిన మూడు పరీక్షలు జరిగినవని ఆ పుస్తకములో చూపవలెనని నియమము పెట్టుకొన్నచో, సంఘపు సొమ్మును సభ్యుని సొమ్మును రెండును దక్కును.

డీజిలు డ్రమ్ములో నిలువ చేయువారు దానిని కదల్చక ఒక దినము తేరనిచ్చి, అడుగుదాక తోడక వాడవలెను. సాయంకాలము పని ముగిసిన వెంటనే టాంకు నింపినచో, రాత్రి చల్లదనమునకు ఖాళీ టాంకులో చెమ్మ చేరదు. యువకులకు యంత్ర శిక్షణ కావలెనన్నచో అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ప్రతి సంఘము తన గ్రామము నుండి చురుకైన యొక యువకుని అచ్చటికి పంపుట మేలు.

చివరగ ఈ క్రమమును గోడ మీద వ్రాసియుంచదగును: ముందు కడ్డీలు, ఆపు తీగ, పిమ్మట గాలి, పిమ్మట డీజిలు, మూత రంధ్రము నుండి వరుసగ, ఆ పిమ్మట వాల్వులు, నాజిళ్లు, అన్నిటికిని కడపట పంపు. ఖర్చు లేనిది ముందు, ఖర్చు గలది వెనుక. తొలకరికి ఇంకను కొంత వ్యవధి యున్నది. బండి కొట్టములో తీరికగ నిలిచియున్న ఈ దినములలోనే ఒక పూట వెచ్చించి మొదటి మూడు పరీక్షలు చేసికొనుడు. వాన పడిన నాడు మీ పొరుగువారు మేస్త్రీ కొరకు పరుగెత్తుచుండగ, మీరు పొలములో చాలు పట్టియుందురు.